తంగేడు పూల లాకెట్లు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేం అద్దెకున్న రోజులవి. మాదాపూర్ బండల మధ్య గుండ్రటి భవనం ఒకటి లేచి, కంప్యూటర్ ఉద్యోగాలంటూ ఊరంతా ఊగిపోతున్న కాలం. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మాకు ఆ హడావుడితో పనేమీ లేదు. మా ఆయన గవర్నమెంటు ఆఫీసుకి వెళ్ళగానే నేను డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి లాకెట్లు చేసుకునేదాన్ని.

పెద్ద విద్యేమీ కాదు. మైదాపిండి, తెల్ల జిగురు కలిపి చపాతీ ముద్దలా పిసకాలి. మామిడిపిందో హంసో చేసి, దువ్వెన పళ్ళతో గీతలు నొక్కి, పచ్చిగా ఉండగానే దారం దూరేలా సూదితో చిల్లు పెట్టాలి. మూడు రోజులు నీడలో ఆరాక రంగులు. ఆఖర్న రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు. ఆ పూత లేకపోతే అది ఉత్త పిండే, చెమట తగిలితే కరిగిపోతుంది. నా మొట్టమొదటి లాకెట్టు నా మెడలోనే జిగురై, జాకెట్టు పాడుచేశాక ఆ సంగతి నాకు తెలిసొచ్చింది.

వీధి చివర ఆడపిల్లల హాస్టల్ ఉండేది. చుడీదార్ల మీదికి నల్లదారంతో వేలాడే నా లాకెట్ల కోసం ఆ పిల్లలు ఆదివారం పూట మా ఇంటికొచ్చి, ఆంటీ ఆంటీ అని నా చుట్టూ తిరిగేవాళ్ళు. ఇంట్లో నా మొహం చూసి మాట్లాడే దిక్కు లేదు. ఆ ఆదివారాల కోసమే నేను వారమంతా బతికేదాన్ని.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు. మెట్ల కింద గదిలో మొగుడితో, నాలుగేళ్ళ కూతురితో ఉండేది. గచ్చిబౌలి దగ్గర లేస్తున్న బిల్డింగులకి సిమెంటు తట్టలు మోసీ మోసీ నడుము పడిపోయింది. ఇక బరువెత్తితే మంచానే పడతావని దవాఖానలో చెప్పారట. కూర్చుని చేసుకునే పని ఏదైనా నేర్పమని నన్ను అడిగింది. సరే అన్నాను. నేర్పడమంటే నాకు మహా సరదా, నేర్చుకునేవాళ్ళు నాకంటే తక్కువగా ఉన్నంతకాలం.

మొదటి వారం ఆమె చేసినవి చూసి నవ్వుకున్నాను. రెండో వారం నవ్వు ఆగింది. నేను పత్రికల్లో చూసి హంసలు, నెమళ్ళు దించేదాన్ని. ఆమె దేన్నీ చూడలేదు. బతుకమ్మ పేర్చే అలవాటున్న వేళ్ళతో సన్నసన్నటి తంగేడు పూలు చేసి వరస మీద వరస అంటించింది. ఆదివారం హాస్టల్ పిల్లలొచ్చారు. నా బల్ల మూల ఆరుతున్న ఆ ఒక్క లాకెట్టు చుట్టూ మూగి, ఇది మీరు చేసింది కాదు కదా ఆంటీ, ఎవరు చేశారు, అని అడిగారు. నా హంసల్ని ఎవరూ ముట్టుకోలేదు. చూస్తూ కూర్చున్నాను. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ తర్వాత పిల్లలు నా గుమ్మం దాటకుండా మెట్ల దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టారు. హాస్టల్లో సగం మంది తమకూ కావాలన్నారని ఆమె సంబరంగా చెప్పింది. పూత సంగతి నేనింకా నేర్పలేదు. నేర్పేదాన్నే, ఆమె చేతులు అంత బాగా లేకుంటే.

రంగులు ఆరాక లాకెట్లన్నీ పళ్ళెంలో పెట్టుకుని పైకి వచ్చింది. నిగనిగలాడుతున్నాయి. నావి ఎందుకు మెరుస్తాయో తనకి తెలియదు కాబట్టి, తలకి రాసుకునే కొబ్బరినూనె దూదితో రుద్దిందట.

"మెరుస్తున్నయి గదక్కా? ఇంకేమన్న జెయ్యాల్నా?" అంది.

నెయిల్ పాలిష్ సీసా నా వెనక అలమరలోనే ఉంది.

"చాలా బాగున్నాయి. ఇంకేమీ అక్కర్లేదు, పిల్లలకి ఇచ్చెయ్" అన్నాను.

ఎండాకాలం. కిక్కిరిసిన బస్సుల్లో మాదాపూర్ వెళ్ళే పిల్లలు. రెండు రోజులు పట్టలేదు. ఒకమ్మాయి ఉద్యోగంలో చేరే మొదటి రోజున కొత్త తెల్ల చుడీదారు వేసుకుని వెళ్ళిందట. ఆఫీసు చేరేసరికి గుండెల మీద పసుపురంగు బంక కారుతోందట. సాయంత్రం అందరూ వచ్చి ఆ ముద్దలన్నీ మెట్ల దగ్గర ఆమె ఒళ్ళోకి విసిరారు. మోసం చేశావన్నారు. నన్ను కూడా పిలిచి అడిగారు. నావి ఎప్పుడైనా కరిగాయా అమ్మా, ఆవిడ ఏం కలిపిందో నాకేం తెలుసు, అన్నాను. జాలేసిందని రాస్తే అబద్ధం. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం పైకి వచ్చింది. చంకలో కూతురు. మిగిలిన రంగులు నాకిచ్చేసింది. సోమవారం నుంచి మళ్ళీ తట్ట మోయడానికే పోతానంది. మేస్త్రీతో మాట్లాడిందట.

"నువ్వు జెప్పినట్లే చేసిన గదక్కా. యాడ తప్పైంది?"

అప్పుడైనా చెప్పొచ్చు. మా వైపు ఆవకాయ బూజు పడితే కలిపిన మనిషి చేతి గుణం అంటారు. అదే నోటికొచ్చింది.

"నీ తప్పేం లేదు. నీ చేతి గుణం అంత. కొందరి చేతిలో ఏదీ నిలవదు."

ఆమె నమ్మింది. అరచేతులు తిప్పి చూసుకుంది. చంకలో ఉన్న కూతురి చేతులు కూడా తిప్పి చూసి అడిగింది.

"నా బిడ్డకు గూడ గివ్వే చేతులొస్తయా అక్కా?"

"తల్లి చేతులే కదా వచ్చేవి" అని తలుపు వేసుకున్నాను.

మేం ఇల్లు మారేదాకా ఇంకో ఏడాది ఆ పై అంతస్తులోనే ఉన్నాం. ఆ పిల్ల పక్క ప్లాటులో ఇసుక, మట్టి తడిపి పూలు చేసేది. పని నుంచి వచ్చిన తల్లి, నడుం పట్టుకుని వంగి, వాటిని కాలితో చెరిపేసేది. వద్దు బిడ్డా, మన చేతులకు రాదు, అనేది. పిల్ల ఏడ్చేది. నిజం చెప్పాలంటే పద్దెనిమిది మెట్లు దిగితే చాలు. నేను బాల్కనీలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.