బల్ల కింద వల

సిస్టరమ్మ పోయిందని నాకు చెప్పింది ఆమె ఇంటివాళ్లు కాదు. అరికాలి కుట్లు తీయించుకోవడానికి భావనపాడు నుంచి వచ్చిన పేషెంటు. "మీకు తెల్దా బాబూ? తెల్లారగట్ట పోనాది. మా ఊరోళ్లంతా బయల్దేరతన్నారు" అన్నాడు. గుండెజబ్బుతో ఆమె రెండు నెలలుగా సెలవులో ఉంది. పద్నాలుగేళ్లు నర్సుగా నా పక్కన నిలబడి కత్తెర అందించిన మనిషి చావు నాకంటే ముందు సముద్రపు ఒడ్డుకు తెలిసింది. నిజం చెబుతున్నాను, మొదట నాకు కలిగింది బాధ కాదు. ఎప్పటిలాగే అసూయ.

నరసన్నపేటలో నాది చర్మవ్యాధుల క్లినిక్. ఆనెకాయలు, కొవ్వుగడ్డలు, చేపముల్లు లోపలే విరిగి గట్టిపడిన అరికాళ్లు, అనుమానం పుట్టించే మచ్చలు. ఒకప్పుడు వీటికి విశాఖ వెళ్లి నాలుగు రోజులు మంచం మీద ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు పొద్దున బస్సు దిగితే, ఆ చోటు మటుకే మత్తు సూది వేసి, కోసి, కుట్టి, మధ్యాహ్నం బస్సుకు ఇంటికి పంపేస్తాం. సముద్రం మీదికి చేపల వేటకు పోయే మనిషికి అంతకంటే ఏం కావాలి? అయినా ఆపరేషన్ అన్న మాట వింటే, గాలివానలో పడవ నడిపిన మగవాళ్లే మా మెట్ల మీంచి వెనక్కి తిరిగేవారు.

వాళ్లను లోపలికి తెచ్చింది నా డిగ్రీలు కాదు. సిస్టరమ్మది చేపలు పట్టే కుటుంబం. ఫైలిన్ తుపాను వచ్చిన ఏడు, తన అన్న పడవలో చిరిగిపోయిన వల ముక్క ఒకటి తెచ్చి, ఉడకబెట్టి ఆరేసి, మేం చిన్న ఆపరేషన్లు చేసే మైనర్ ఓటీలో పెట్టింది. ఇక్కడికి చేపల వలేమిటని కసిరాను. "పైన మీ పని, కింద నా పని డాక్టరు బాబూ" అంది. పేషెంటు బోర్లా పడుకునేవాడు. నేను అరికాలు కోస్తుంటే, అతని చేతులు బల్ల అంచు నుంచి కిందికి వేలాడుతూ ఆ వల అల్లుతుండేవి. "కన్ను పెద్దదయిపోతన్నాది సూసుకో మావా, అందులో సేప ఆగుతాదేటి?" అని ఆమె దెప్పేది. అతను ముడి సరిచేసుకునేలోగా నా కుట్లు అయిపోయేవి.

లేచి చెప్పులేసుకుని ఆమెకే దండం పెట్టేవారు. "సిస్టరమ్మది సల్లని సెయ్యి" అనేవారు. కోసిందీ కుట్టిందీ నేను. వలలో వంజరం పడితే ఆమె ఇంటికి వెళ్లేది. చేపలు తినే నేను శాకాహారినని వాళ్లకు ఎవరు చెప్పారో గానీ, నా అనుమానం ఇప్పటికీ ఆమె మీదే.

ఒకసారి ఆమె రాని రోజున వల నేనే అందించాను. ఆ పేషెంటు వలను చూశాడు, నన్ను చూశాడు. "సిస్టరమ్మ వచ్చినాక వస్తాన్లే బాబూ" అని దిగిపోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. నా మడమ మీది మచ్చ రంగు మారింది. అందరికీ ఏం కాదని చెప్పే నా నోరు ఎండిపోయింది. విజయనగరం నుంచి డాక్టరు స్నేహితుడు వచ్చాడు. మా బల్ల మీదే బోర్లా పడుకున్నాను. అడగకుండానే ఆమె నా చేతిలో వల పెట్టింది. వేల కుట్లు వేసిన వేళ్లు ఒక్క ముడి కోసం నానా తంటాలు పడ్డాయి. "ముడి పడ్డాది గానీ బాబూ, దీంట్లోంచి సేప నవ్వుకుంటా ఎల్పోద్ది" అంది. నాకూ నవ్వొచ్చింది. అది ఆగేసరికి మచ్చ ట్రేలో ఉంది. పరీక్షలో చెడ్డదేమీ కాదని తేలింది. నా స్నేహితుడికి పదిసార్లు థాంక్స్ చెప్పాను. ఆమెకు ఒక్కసారీ చెప్పలేదు.

దహనానికి వెళ్లాను. వచ్చినవాళ్లలో చాలామంది కాళ్లు గుర్తుపట్టాను, ముఖాలు కాదు. నేను పోతే ఇంతమంది వస్తారా అని అక్కడ నిలబడి కూడా అనుకున్నాను.

పది రోజులకు మైనర్ ఓటీ మళ్లీ తెరిచాం. ఆనెకాయతో వచ్చిన ఒక పెద్దాయన వల తనే అడిగి తీసుకున్నాడు. మత్తు సూది వేశాక, తల వంచుకునే అన్నాడు: "ఇక్కడో ముడి తప్పు బాబూ. నిరుడే ఇప్పేద్దామంటే సిస్టరమ్మ ఒప్పుకోనేదు. అది డాక్టరు బాబు ముడి, ఎవులూ ముట్టకండి అన్నాది."

ఒక తప్పు ముడికి అన్నాళ్లు కాపలా కాయడం నా వల్ల అయ్యే పని కాదు. అసూయ పోలేదు, దానికి సిగ్గు తోడైంది.

"ఇప్పీమంటారా?" అని అడిగాడు.

"వద్దు పెద్దాయనా, ఉండనీ" అన్నాను.

బల్ల కింద ఆయన వేళ్లు నా ముడిని దాటి, దాని పక్క కన్ను అల్లసాగాయి.