మిల్లు ఆగాక రుద్దిన తలుపు

వీరులపాడులో ఒక ఇంటి ముందుగదికి టేకు కిటికీ ఉంది. దాని ఎడమ రెక్కను మా అమ్మే నునుపు చేసిందని మా నాన్న ఇప్పటికీ అనుకుంటున్నారు. చేసింది నేను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా, ఆ రోజు పేజీలో "ఎండ ఎక్కువగా ఉంది, మధ్యాహ్నం నిద్ర పట్టలేదు" అని మాత్రం రాసి ఊరుకున్నాను.

అప్పటికి ఎనభైలు మొదలై రెండు మూడేళ్ళయింది. ఇంటర్ పాసై ఇంట్లో ఉంటున్నాను. జగ్గయ్యపేటలో మా ఇల్లూ, నాన్న వడ్రంగి షెడ్డూ ఒకే ఆవరణలో ఉండేవి. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, గోడకి అవతల పప్పు మిల్లు. కోయడం, చిత్రిక పట్టడం, బిగించడం నాన్నా, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరూ చూసుకునేవారు. నునుపు పని మాత్రం అమ్మది. ఉప్పు కాగితాన్ని అరచేతిలో ఇమిడే చెక్కముక్కకి చుట్టి, ముందు గరుకుది, తర్వాత సన్నది, చెక్క చార ఎటు పోతే అటు, ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్దేది. చెయ్యి అంచు దాటి గాలిలోకి వెళ్ళాకే వెనక్కి వచ్చేది. పెళ్ళయిన కొత్తలో ఊరికే కూర్చోలేక పట్టుకుందట ఆ కాగితాన్ని. ఇరవయ్యేళ్ళయినా దించలేదు.

ఆమె వేళ్ళ చివర్లు ఎంత అరిగిపోయాయంటే, ఒకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయిస్తే గుండ్రటి సిరా మచ్చ తప్ప ఒక్క గీతా పడలేదు. "ఈవిడకి వేలుంది గానీ ముద్ర లేదయ్యా" అన్నాడు గుమాస్తా. అమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక నా దగ్గర కూర్చుని సంతకం నేర్చుకుంది.

ఆమె పనిని నాన్న ఎప్పుడూ చేత్తో తడిమి తేల్చేవారు కాదు. "చెయ్యి మొహమాటపడుద్ది" అనేవారు. ఒక పాలపొడి డబ్బాలో చేనులో ఏరిన పత్తి ఉండేది. చిటికెడు పత్తి విడదీసి చెక్క మీద మెల్లగా లాగేవారు. ఎక్కడైనా ఒక్క పోగు చిక్కుకుంటే మళ్ళీ రుద్దాల్సిందే, అది భార్య రుద్దిందైనా సరే. ఆ తర్వాత చెక్కని ఏటవాలుగా వెలుతురుకి పెట్టి చూసేవారు. అమ్మ రుద్దిన చెక్క మీద పత్తి చిక్కుకోవడం నా చిన్నప్పుడెప్పుడో చూసిన గుర్తు.

ఆ ఎండాకాలం వీరులపాడులో మిరప రైతు ఒకాయన కొత్త ఇల్లు కడుతూ తలుపులూ కిటికీలూ అన్నీ మాకే ఇచ్చారు. అంత పెద్ద పని మాకెప్పుడూ రాలేదు. అప్పటికే అమ్మ కుడి భుజం పట్టేసింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు. నాకు జడ వెయ్యడం మానేసింది. "పెద్దదానివయ్యావు, నువ్వే వేసుకోరాదూ" అంది. పై అరలో డబ్బా కావాలంటే నన్ను పిలిచేది. ఎవరూ చూడనప్పుడు కాగితం ఎడమచేతికి మార్చుకునేది. నేను తలుపు చాటునుంచి అన్నీ చూసేదాన్ని. అన్నీ చూడటం, ఒక్కటీ అనకపోవడం, అప్పటి నా అలవాటు.

నాన్న కూడా ఏదో కనిపెట్టారనుకుంటాను. సోమవారం నన్ను వెంటబెట్టుకుని నందిగామ వెళ్ళారు. అక్కడ సామాన్ల కొట్టాయన ఆయనకి పాత పరిచయం. చిన్న ఇస్త్రీపెట్టెలా ఉన్న ఒక మిషను బల్ల మీద పెట్టాడు. అడుగున రబ్బరు, దాని మీద ఉప్పు కాగితం బిగించడానికి రెండు వైపులా రెండు క్లిప్పులు. స్విచ్చి వెయ్యగానే జుయ్యిమంటూ అడుగు వణికింది.

"విదేశీది అయితే దీనికి ఐదారింతలు పెట్టాలండీ మేస్త్రిగారూ. ఇది మనవాళ్ళు చేసింది. చవకే."

"చవకంటే? ఏం తగ్గించి చేశారని చవక?"

"అదే మీరు చూసి చెప్పాలి. గురువారం దాకా ఉంచుకోండి. నచ్చకపోతే తెచ్చేయండి, అట్టపెట్టె మటుకు చింపకండి."

బస్సులో ఆ అట్టపెట్టె నా ఒళ్ళోనే ఉంది. లోపల ఒక సన్నటి ఇంగ్లీషు పుస్తకం కనిపించింది. చదవడానికి ఏది దొరికినా వదిలేదాన్ని కాదు. ఇంటికెళ్ళాక నిఘంటువు దగ్గర పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. మిషను మీద నొక్కకూడదు, దాని బరువే చాలు. కరెంటు రెండువందల ముప్ఫై వోల్టులు ఉండాలి, తగ్గితే పని చెడుతుంది. చివర చార వెంట చేత్తో ఒకసారి రుద్దితే గీతలు మిగలవు. ఈ మూడు మాటలూ మర్నాడు నాన్నకి చెప్పాలనుకున్నాను.

మర్నాడు పొద్దున పది గంటలకి షెడ్డులో మిషను పెట్టారు. పనివాళ్ళిద్దరూ చుట్టూ చేరారు. వాళ్ళుండగా నా నోరు పెగల్లేదు. నాన్న ఒక కిటికీ రెక్క బల్ల మీద పెట్టి, చిత్రిక మీద నొక్కినట్టే రెండు చేతులూ వేసి నొక్కారు. గోడవతల మిల్లు దడదడలాడుతోంది. మిషను మూలిగింది.

"మేస్త్రిగారూ, ఇది రుద్దుతోందా, దురదకి గోక్కుంటోందా?" అన్నాడు పనివాళ్ళలో పెద్దతను.

"నాలుగు రోజులు అన్నం పెట్టనట్టుంది" అన్నాడు రెండోవాడు.

నాన్న నవ్వలేదు. పత్తి లాగారు. రెండు చోట్ల చిక్కింది. రెక్కని వెలుతురుకి వంచారు. కోడి గీరినట్టు చెక్కంతా చిన్న చిన్న గుండ్రటి గీతలు. పాలిష్ పడితే ఇంకా పైకి తేలతాయి.

"చవకది చవకగానే ఉంది" అని స్విచ్చి ఆపారు. నాతో, "అమ్మాయ్, దీని జోలికి పోబాకు. షాక్ కొడితే ప్రమాదం" అన్నారు.

అమ్మ ఆ రెక్కని ముందుకి లాక్కుని కాగితం అందుకుంది. ఆమె మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించింది. గంట తిరక్కుండానే కాగితం ఎడమచేతికి మారింది.

నేను మధ్యాహ్నాలు వెనక గదిలో కూర్చుని డైరీ రాసుకునేదాన్ని. ఆ గదిలో పాత టేబులు ఫ్యాను ఉండేది. పొద్దుటి నుంచీ ఈసురోమని తిరిగే ఆ ఫ్యాను, ఒంటిగంటకి మిల్లువాళ్ళు భోజనాలకి ఆపగానే ఒక్కసారి జోరందుకునేది. పేజీలు రెపరెపలాడేవి. వాటి మీద బరువుకి అమ్మ కుంకుమ భరిణె పెట్టేదాన్ని. రెండింటికి మిల్లు మొదలవగానే ఫ్యాను మళ్ళీ నీరసపడేది. రోజూ చూసేదే. ఆ మంగళవారం మధ్యాహ్నం పేజీలు లేచినప్పుడు మాత్రం, భరిణె కోసం చెయ్యి చాచినదాన్ని అలాగే ఆగిపోయాను. మా వైపు కరెంటంతా ఆ మిల్లే లాగేసుకుంటోంది. నాన్న మిషనుకి పరీక్ష పెట్టింది మిల్లు నడుస్తుండగా.

సాయంత్రం చెబుదామనుకున్నాను. నాన్న పనివాళ్ళతో కొలతలు మాట్లాడుకుంటున్నారు. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. "ఏంటమ్మా?" అని ఆయన తలెత్తి అడిగితే, "మజ్జిగ కావాలా?" అన్నాను.

బుధవారం నాన్న తలుపుల చౌకట్లు నిలబెట్టడానికి పనివాళ్ళని తీసుకుని వీరులపాడు వెళ్ళారు. అమ్మ పొద్దున రెండు రెక్కలు రుద్ది, భోజనం చేసి, కారం కొట్టించడానికి పక్క వీధికి వెళ్ళింది. ఒంటిగంటకి మిల్లు ఆగింది.

నాన్న రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక చెక్క మీద నిలబడి, మూడో రెక్క, ఆ ముందుగది కిటికీ ఎడమది, బల్ల మీద పెట్టి స్విచ్చి వేశాను. నిన్న మూలిగిన మిషనేనా అనిపించింది. సన్నగా, ఎక్కడా తెగకుండా, తుమ్మెద పాడినట్టు పాడింది. నొక్కడానికి నాకెలాగూ బలం లేదు. ఊరికే పట్టుకుని చార వెంట మెల్లగా నడిపించాను. దాని వెనకే చెక్క రంగు తేలుతూ వచ్చింది. చిత్రిక జాడలు పోయాయి, ముడి దగ్గరి గరుకు పోయింది. అమ్మకి సగం పూట పట్టే పని పావుగంటలో సగమయింది.

దాని లోపాలన్నీ కూడా ఆ గంటలోనే తెలిశాయి. ఎడమ క్లిప్పు వదులు, కాగితం రెండుసార్లు జారింది. తీగ పొట్టిది, బల్లనే గోడ దగ్గరికి జరుపుకోవాలి. కాసేపటికి వేడెక్కుతుంది. పలకల అంచుల్లోకి, మూలల్లోకి దాని మొహం పట్టదు. పొడి అంతా మనిషి మీదకే కొడుతుంది. చెయ్యి దించాక కూడా వేళ్ళలో జుమ్ముమంటూ ఉంటుంది. అయినా దాని మీద నాకు గౌరవం కలిగింది. చదును చెక్క ఇచ్చి, కడుపునిండా కరెంటిచ్చి, పైన బరువు వెయ్యకపోతే, ఆ చవక మిషను చేసేది నికార్సయిన పని. చివర అమ్మ కాగితం తీసుకుని, మూలలూ అంచులూ చేత్తో చేసి, మొత్తం చార వెంట ఒకసారి రుద్దాను. పొడి ఊడ్చి, మిషను పెట్టెలో పెట్టి, రెక్కని అమ్మ చేసిన రెండిటి పక్కన నిలబెట్టాను. సాయంత్రం నాన్న పరీక్షించాక, ఎలాగైనా నోరు తెరిచి చెప్పాలని నా ఆలోచన.

నాన్న పొద్దుగూకకముందే వచ్చారు. అమ్మ ఇచ్చిన మజ్జిగ గ్లాసుతోనే షెడ్డులోకి వెళ్ళి, దాన్ని బల్ల మీద పెట్టి, డబ్బా తీసి మూడు రెక్కల మీదా పత్తి లాగారు. మొదటి రెండూ బాగున్నాయి. మూడోదాని మీద పత్తి నీళ్ళమీద ఆకులా జారిపోయింది. రెక్కని పడమటి ఎండకి వంచి చాలాసేపు చూశారు.

"ఇదిగో, చూడు" అన్నారు అమ్మతో. "ఈ చెయ్యి ఇంట్లో పెట్టుకుని నేను మిషనుల కోసం నందిగామ తిరుగుతున్నా. రేపు పొద్దున్నే వాడిది వాడికిచ్చేసి వస్తా."

మిషను చేసిన పనే మిషనుకి ఎదురు సాక్ష్యం చెబుతోంది. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా మనసులో ఉన్నాయి, గొంతులోకి ఒక్కటీ రావడం లేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను.

అమ్మ వచ్చి ఆ రెక్క మీద చెయ్యి వేసింది. ముద్రలు లేని ఆ వేళ్ళు చివరి దాకా వెళ్ళి, అంచుకి బెత్తెడు దూరంలో ఆగాయి. రుద్దేటప్పుడు ఎప్పుడూ అక్కడే నా చెయ్యి పైకి లేచిపోతుంది. చిన్నప్పుడు పక్కన కూర్చుని రుద్దేటప్పుడు ఎన్నోసార్లు తిట్టింది, "చివరికంటా పోవే" అని. ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆమె చూపు నా కనుబొమల దగ్గర ఆగింది. తర్వాత తడుముకుంటే అక్కడ టేకు పొడి ఉంది.

"రేపు తీసికెళ్ళబాకండి. ఉంచండి దాన్ని" అంది.

"ఎందుకే? దానికంటే నువ్వే నయమని చెక్కే చెబుతోందిగా."

"అది రుద్దింది మిషనేనండి. మిల్లు ఆగాక పెడితే దాని గొంతే వేరు. మీరేమో మిల్లు ఆడేప్పుడు పెట్టి, దాన్నెక్కి కూర్చున్నారు."

మిల్లు ఆగిన ఆ గంటలో మిషను పాట పక్క వీధిలో ఆమె దాకా వినబడి ఉంటుంది. నాన్న డబ్బా మూత పెట్టబోయి ఆగారు. "నువ్వు పట్టావా దాన్ని?"

"ఎవరు పడితే ఏంలెండి. చెక్క బాగుందా లేదా?"

"బాగుంది" అన్నారు నాన్న. ఇంకోసారి పత్తి లాగి చూశారు. "బాగుంది. కానీ నీ చెయ్యుండగా..."

"నా చెయ్యి లేవట్లేదండి" అంది అమ్మ. "ఉగాది నుంచీ లేవట్లేదు."

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నాన్న ఆమె భుజం వైపు చూసి తల దించుకున్నారు. నిన్నటి తీర్పు తప్పని ఒప్పుకోవడానికి ఆయనకి మిగిలిన మజ్జిగ తాగినంతసేపు కూడా పట్టలేదు. "నేనే సరిగ్గా చూడలా" అన్నారు. ఆయన అన్నది మిషను గురించో, అమ్మ చెయ్యి గురించో నేను అడగలేదు.

పదేళ్ళు దాటినా ఆ మిషను ఇప్పటికీ మా షెడ్డులోనే ఉంది. క్లిప్పు మార్చారు, తీగ పొడుగుది వేశారు, లోపల అరిగే బొగ్గుముక్కలు రెండుసార్లు వేశారు. మూలలూ, చివర చేత్తో రుద్దడమూ ఇప్పటికీ అమ్మ పనే. ఆ వర్షాకాలం నుంచి నా జడ మళ్ళీ అమ్మే వేసేది.

ఆ గురువారం పొద్దున పనివాళ్ళు వీరులపాడు వెళ్ళారు; నాన్న ఖాళీ చేతులతో నందిగామ బస్సెక్కారు, మిషను ఉంచేసుకుంటున్నామని చెప్పి డబ్బిచ్చి రావడానికి. నేను వెనక గదిలో డైరీ ముందు కూర్చున్నాను. ఎవరు రుద్దారో అమ్మకి తెలుసు. అయినా పొద్దుటి నుంచి ఆమె ఆ ఊసే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒంటిగంటయింది. గోడవతల దడదడ ఆగింది, ఫ్యాను జోరందుకుంది, పేజీలు లేచాయి. కుంకుమ భరిణె అందుకోబోతుంటే, గుమ్మంలో అమ్మ, చేతిలో నాన్న రబ్బరు చెప్పులు.

"మిల్లాగింది. ఆ రాతలు తర్వాత రాసుకుందువుగాని, లే. ఈసారన్నా చివరికంటా పో."