చెడిపోయిన పని చూపించిన మేస్త్రీ

నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తుండగా, గాజువాకలోని మా ఇంటి పైకప్పు నుంచి ఒక పెచ్చు ఊడి మా తమ్ముడి మంచం మీద పడింది. వాడు అప్పుడే పాలు తాగడానికి లేచి వంటింట్లోకి వెళ్లాడు కాబట్టి సరిపోయింది. తలగడ మీద ముక్కలై ఉన్న ఆ పెచ్చును చూసి మా అమ్మ గోడకు చేరగిలబడిపోయింది. స్లాబులోకి నీరు దిగి, లోపలి చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటును కిందికి తోసేస్తున్నాయట. వానలు పడేలోపు బాగుచేయించకపోతే ఆ గదిలో పిల్లల్ని పడుకోనివ్వనని అమ్మ తెగేసి చెప్పింది. ఆ రోజు నుంచి ఐదుగురం ముందుగదిలోనే సర్దుకుని పడుకునేవాళ్లం.

మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. కొడుకు ఉద్యోగం వెంట గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా నాయనమ్మకు, ఇంటి పనుల్లో ఆయనను ఎవరైనా ఇట్టే బుట్టలో వేసేస్తారని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని కడుపులో దాచుకునే మనిషి కాదావిడ. మొదట వచ్చిన కాంట్రాక్టరు స్కూటరు మీద వచ్చాడు. చంకలో ఫోటోల ఆల్బమ్ ఉంది. రంగురంగుల మేడలు, వంపులు తిరిగిన బాల్కనీలు. పది రోజుల్లో పని అయిపోతుందన్నాడు. నాన్నగారి ముఖం వెలిగిపోయింది. నాకూ ఆ ఆల్బమ్ తెగ నచ్చింది, నిజం చెప్పాలి కదా.

ఫోటోలన్నీ అయ్యేదాకా నాయనమ్మ ఓపిగ్గా కూర్చుంది. తర్వాత మెల్లగా, "అన్నీ బానే కట్టావు గానీ నాయనా, నీ చేతిలో చెడిపోయిన పని ఒకటి చూపించు" అంది. ఆయన నవ్వేశాడు. తన చేతిలో ఇంతవరకు ఏ పనీ చెడలేదన్నాడు. అయితే సరే వెళ్లి రమ్మంది నాయనమ్మ. ఆయన స్కూటరు వీధి చివర మలుపు తిరగకముందే నాన్నగారు ఒంటికాలి మీద లేచారు. వచ్చినవాణ్ణి అవమానించి పంపిందని ఆవిడతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆవిడ మాత్రం రెండు రోజులూ హాయిగా పప్పు రుబ్బుకుంది.

రెండో మనిషిని పక్కింటి అక్క పంపించింది. విజయనగరం వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మేస్త్రీ. ఆల్బమ్ లేదు. సుత్తితో కప్పంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లి, పెచ్చు ఊడినచోటే కాదు, గది సగం దాకా పాడైందని చెప్పాడు. అది వినడానికి ఎవరికీ బాగాలేదు. నాయనమ్మ ఆయన్నీ అదే అడిగింది. ఆయన చాలాసేపు చేతిలోని సుత్తినే చూసుకున్నాడు.

"ఒకటున్నాదమ్మా. భీమిలిలో. సూత్తానంటే తీసుకెల్తాను" అన్నాడు.

నాన్నగారి సెలవు రోజున ఆయన, నాయనమ్మ, మేస్త్రీ, నేను నలుగురం బయలుదేరాం. మద్దిలపాలెంలో బస్సు మారి భీమిలి చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. సందులో ఒక చిన్న పెంకుటిల్లు. పెరటి గోడ మీద సున్నం పొరలు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. కొత్తగా మేస్త్రీ అయిన రోజుల్లో ఆయన పూసిన గోడ అది. ఇంటివాళ్లు తొందరపెడితే, ఏటి ఇసుక వచ్చేదాకా ఆగమని చెప్పే ధైర్యం లేక, సముద్రపు ఒడ్డు ఇసుకే కలిపేశాడు. ఆ ఇంటి పెద్దావిడ మాకు మంచినీళ్లిచ్చి, "ఏటేటా వత్తాడు, గీకుతాడు, మల్లీ పూత్తాడు. వద్దన్నా ఇనడు" అంది. అప్పటినుంచీ ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని చూడనిదే తట్టలోకి ఎత్తనన్నాడు మేస్త్రీ. మరునాడు పని ఆయనకే ఇవ్వమని నాన్నగారే అన్నారు.

ఎండలు మండుతున్న రోజుల్లో పని సాగింది. వదులైన సిమెంటంతా రాల్చి, చువ్వలు రుద్ది, కింద కొత్తగా పూశారు. పైన పాత పొర తీసేసి కొత్త పొర వేసి, మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి నీళ్లు నిలిపారు. కొత్త సిమెంటు బీటలివ్వకుండా గట్టిపడాలంటే వారం రోజులపాటు ఆ మళ్లలో నీళ్లు ఆరిపోకూడదు. నాన్నగారికి షిఫ్టులు, అమ్మకు తమ్ముడితోనే సరి, నాయనమ్మ మెట్లెక్కలేదు. మేస్త్రీ ఆ పని నాకు అప్పగించాడు. "ఇది నీ పొలం పాపా. ఎండనీకు" అన్నాడు. పెద్దవాళ్ల పని నాకిచ్చినందుకు నేలమీద నిలవలేదు నేను.

రెండు రోజులు బాగానే తడిపాను. మూడో రోజు ఆదివారం. పక్కింట్లోకి కలర్ టీవీ వచ్చింది. పొద్దున్న వెళ్లినదాన్ని, ఆ ఇంట్లోనే అన్నం తిని, సాయంత్రం దాకా కదల్లేదు. గుర్తొచ్చి మేడెక్కాను. చుక్క నీరు లేదు. గట్ల మట్టి బీటలు వారి ఉంది. గబగబా బకెట్లు మోసి నింపాను. తడిపావా అని అమ్మ అడిగితే తడిపానన్నాను. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను.

తొలి వానకు తమ్ముడి మంచానికి సరిగ్గా పైన అరచేయంత తడి మరక కనిపించింది. పైకి వెళ్లి చూస్తే సన్నటి బీట ఒకటి. నాన్నగారు మేస్త్రీని పిలిపించి నానా మాటలూ అన్నారు. వంటింటి కప్పు పని కూడా ఆయనకే ఇస్తామన్న మాట అక్కడితో పోయిందన్నారు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. మేస్త్రీ బీట మీద వేలు పెట్టి కొసదాకా రాసి చూశాడు. "నీల్లు ఆరిపోనాయి బాబూ. నాను రోజూ ఎక్కి సూసుకోవాల. తప్పు నాదే" అన్నాడు. బీటను చెక్కి మూసి, ఆ వారమంతా తనే పొద్దునా సాయంత్రం వచ్చి తడిపి వెళ్లాడు. ఆ వారంలో నాకు అన్నం సహించలేదు. జ్వరమేమోనని అమ్మ మిరియాల కషాయం తాగించింది, అది వేరే శిక్ష.

వానలు తగ్గుముఖం పట్టాక ఒకరోజు మేస్త్రీ ఎవరో భార్యాభర్తలను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లకు మేడ చూపించవచ్చా అని నాయనమ్మను అడిగాడు. వాళ్ల వెనకే నేనూ ఎక్కాను. ఆయన తిన్నగా ఆ అతుకు దగ్గరికి తీసుకెళ్లి, "ఇది నా సేతిలో సెడిపోయిన పని. దీన్ని సూసి, ఇట్టమైతేనే నాకివ్వండి" అన్నాడు. నాయనమ్మ అడిగిన ప్రశ్నను ఆయన తన వెంట తీసుకుపోయాడు. నా తప్పును కూడా తన పేరు మీద మోసుకు తిరుగుతున్నాడు. ఇక నావల్ల కాలేదు. ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందే, ఆ ఆదివారం నీళ్లు పోయలేదని, టీవీ చూస్తూ కూర్చున్నానని ఏడుస్తూ చెప్పేశాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. "గట్లు సూసినప్పుడే తెలిసిందిలే పాపా" అన్నాడు. మరి నాన్నగారికి ఎందుకు చెప్పలేదని అడిగితే, "అది నువ్వు సెప్పాల గానీ, నాను సెప్తే ఏటి బాగుంటాది?" అన్నాడు. ఆ సాయంత్రం నాన్నగారికి నేనే చెప్పాను. ఆయన తిట్టలేదు. చొక్కా వేసుకుని మేస్త్రీ ఇంటికి వెళ్లి, వంటింటి పని కూడా ఆయన్నే చేయమని అడిగి వచ్చారు.

ఇప్పుడు నాకూ ఇల్లుంది, రిపేర్లున్నాయి. వచ్చిన ప్రతి మేస్త్రీనీ నాయనమ్మ ప్రశ్నే అడుగుతాను. చాలామంది నవ్వేస్తారు, కొందరు నొచ్చుకుంటారు. ఎవరైనా తల దించుకుని ఆలోచనలో పడితే మాత్రం, ఆయనకు కుర్చీ వేసి కాఫీ ఇచ్చి, నేను చెడగొట్టిన పని సంగతి ముందు నేను చెబుతాను.