పుంజుల వరస

“ఏం బావా, ఈ కోళ్లు గుడ్లేమైనా పెడతాయా?” అని బావమరిది అడిగినప్పుడు అద్దాల మాస్టారు తల ఎత్తలేదు. “పుంజులురా అవి,” అన్నాడు, అంతే.

కళ్లజోళ్ల దుకాణంలో ముప్పై ఏళ్లు అద్దాలు అరగదీసిన మనిషి. ఇంటికొస్తే ఫ్రాన్సు తపాలా బిళ్లలు. అందులోనూ ఆ దేశపు చిహ్నమైన కోడిపుంజు ఉన్నవే. పాత కవర్ల మీంచి కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, కాగితం ఊడదీసి ఆరబెట్టేవాడు. వరసపెట్టింది మాత్రం కూతురు. జబ్బుతో మంచం పట్టిన ఏడాది, ఆ పదేళ్ల పిల్ల తపాలా ముద్ర ఎక్కడ పడిందో చూసి పుంజుల్ని విడదీసింది. కంటి మీద పడితే గుడ్డివి. మెడ మీదైతే మఫ్లర్ చుట్టుకున్నవి. ముక్కు మీదైతే నోరు మూయించినవి. ఎటూ తేలనివి ఆఖరి పేజీలో. “వీటి సంగతి రేపు చూద్దాం నాన్నా,” అంది. ఆ పేజీ తేలకుండానే పిల్ల పోయింది.

దుఃఖం మనిషికి లోతునిస్తుందని చెప్పేవాళ్లు ఓసారి మాస్టారిని చూడాలి. ఆయనకి లోతేమీ రాలేదు. నడుం నొప్పి వచ్చింది, మాటలు తగ్గాయి. కొత్త పుంజు దొరికితే మాత్రం భార్యను పిలిచేవాడు.

“ఇది ఎందులో పెట్టమంటుందే?”

“మఫ్లరే. చూడండి, చలికి ఎలా ముడుచుకుందో!”

పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో పిల్ల ఊసు వచ్చేది ఆ ఒక్క వంకతోనే. వరస ఎవరిదో బయటివాళ్లకి, ఆఖరికి బావమరిదికి కూడా చెప్పలేదు.

ఆల్బమ్ కుట్లు ఊడాయి. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే బావమరిది, కుట్టిస్తానని పట్టుకెళ్లాడు. పదిరోజులకి కొత్త ఆల్బమ్‌తో వచ్చాడు.

“అంతా కలగాపులగంగా ఉంది బావా! ఏళ్ల ప్రకారం, వెలల ప్రకారం సర్దేశాను. నాలుగు రోజుల పని, సెలవు పెట్టి మరీ చేశా.”

“పాతదేదిరా?”

“చివికిపోయింది కదా, పారేశా.”

మాస్టారి భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది. మాస్టారు పేజీలు తిప్పాడు. గుడ్డివాటినీ మఫ్లర్లనీ మళ్లీ ఏరుకోవచ్చు, ముద్రలు కనిపిస్తూనే ఉన్నాయి. పిల్ల రేపటికని ఆపినవి ఏవో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు.

“ఎంతైంది?”

“మనలో మనకి లెక్కేంటి బావా? కానుక.”

“కానుకైతే నీ వరస విప్పలేను. ఎంతైందో చెప్పు.”

బావమరిది బిక్కమొహం వేసి, నాలుగువందల ఎనభై అన్నాడు. మాస్టారు జేబులో ఉన్న మూడువందలూ తీసి ఇచ్చాడు. మిగతా నూట ఎనభై ఇప్పటికీ బాకీ, ఆల్బమ్ ఇంకా విప్పలేదు.