మచ్చలు చదివిన నర్సక్క

నా చిన్నప్పుడు మా ఊరు ముడిమ్యాలలో పెద్దవాళ్లు చేతి గీతలు చూపించుకునేవారు, మేం పిల్లలం మాత్రం కాలిన మచ్చలు చూపించుకునేవాళ్లం. చూసేది మా పక్కింటి నర్సక్క. సరిహద్దు దగ్గర యుద్ధమైనప్పుడు, ఇళ్లు కాలిపోయి పారిపోయి వచ్చిన జనానికి నర్సుగా వెళ్లి కట్లు కట్టి వచ్చిన మనిషి. వాళ్ల భాష రాక, గాయం తీరును బట్టే ఏం జరిగిందో పోల్చుకోవడం అక్కడ నేర్చుకుందట.

ఆదివారం చర్చి నుంచి రాగానే మా అరుగు మీద కూర్చునేది. చుక్కలుచుక్కలుగా ఉంటే నూనె, సన్నని గీతలా ఉంటే పెనం అంచు. ఒకసారి మా బాపు వేళ్ల మధ్య మచ్చ చూసి, "ఇది బీడీ" అనేసింది. బీడీ ముట్టనని అవ్వ మీద ఒట్టేసిన బాపు అడ్డంగా దొరికిపోయాడు. మా అవ్వ కన్నకొడుకని కూడా చూడకుండా చీపురు తిరగేసి వాకిలంతా తరిమింది. నవ్వలేక చచ్చాం.

ఆ ఊపులో అవ్వ చేతులు కూడా పట్టుకొచ్చి అక్క ముందు పెట్టాను. గారెలు వేస్తుంటే నూనె చిందిందనేది అవ్వ ఎప్పుడూ చెప్పే మాట. అందుకే బాపు, గారెలు అడిగి మరీ చేయించుకుంటూనే, ఆమె వంటను తెగ ఆటపట్టించేవాడు. అక్క ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మోచేతుల దాకా బయటివైపంతా కాలి ఉంది, లోపలివైపు నున్నగా ఉంది. అక్క తన చేతులు గుండెకు చుట్టుకొని చూపింది.

"అవ్వా, నూనె గిట్ల చిందదు. గిట్ల కాలిన తల్లులను అక్కడ మస్తుమందిని చూసిన. లోపల ఎవరున్నరు?"

అవ్వ చేతులు వెనక్కి తీసుకొని మళ్లీ చీపురు అందుకుంది. తను పడుచుగా ఉన్నప్పటి గడబిడల రోజుల్లో ఊరి మీద పడినవాళ్లు ఇళ్లు అంటించారని, మండుతున్న గుమ్మం దాటి వచ్చానని చెప్పింది. తర్వాత చీపురుతో గోడవైపు చూపించింది.

"ఇంకెవడు? గా బీడీ దొంగనే!"

గోడ చాటున నక్కిన బాపు మెల్లగా వచ్చి అవ్వ చేతులు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన ఒంటి మీద బీడీ మచ్చ తప్ప ఇంకొకటి లేదు. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే గారెలడుగుడు బంద్ జేస్తవు గద బిడ్డా" అంది.

ఇప్పుడు చేవెళ్లలో మా కొడుకింట్లో టీవీ చూస్తుంటే, ఎక్కడెక్కడి యుద్ధాల్లోనో కాలిన తల్లులు కనిపిస్తారు. పిల్లలు ఛానల్ మార్చబోతారు, నేను మార్చనివ్వను. ఆ చేతుల లోపలివైపు కాలకుండా మిగిలిన చోటు కోసం వెతుకుతాను. అది కనబడితే, ఎక్కడో ఒక బీడీ దొంగ పెరుగుతున్నాడని నా మనసు కుదుటపడుతుంది.