అరవై కిలోల శీను

ముందే చెబుతున్నాను, ఇది నిక్షేపంలాంటి కారును స్నేహితుడి కోసం బాగుచేయబోయి, ఆ స్నేహితుణ్ణే అందులో కూర్చోనివ్వని మొనగాడి కథ. ఆ మొనగాణ్ణి నేనే. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది సిరిసిల్ల, పవర్‌లూమ్ షెడ్డు. శీనుది కోరుట్ల. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరికీ ఒకటే పిచ్చి: ఎప్పటికైనా ఓ కారు బాడీని నేలకు దగ్గరగా కిందికి దించి, రేసు ట్రాక్ మీద తోలాలి. స్టీరింగు దగ్గర నేను, పక్కన వాడు. డిగ్రీ కాగానే వాడు దుబాయి పోయాడు. వాడి వెనకే మా బ్యాచంతా పోయింది. ఇక్కడ మిగిలింది నేనూ, మగ్గాలూ. మగ్గాలకు కనీసం చప్పుడన్నా ఉంది.

ఆరేళ్లకు శీను ఫోన్ చేశాడు.

"అరేయ్, చుట్టీ దొరికింది. వస్తున్న!"

"ట్రాక్‌కు పోదామారా?"

"గందుకే గదరా వచ్చేది!"

హైదరాబాద్ అవతలి ట్రాక్‌లో ఎవరి కారు వాళ్లు తోలుకునే రోజు, వాడు దిగే రోజుకు మూడోనాడే, ఆదివారం పడింది. వాడు వచ్చేలోపే నేను నా కారుతో పనిలోకి దిగాను.

కారును కిందికి దించితే చక్రాల వాలు, దిశ రెండూ మారిపోతాయి. మళ్లీ మిల్లీమీటర్ల లెక్కన సరిచేయాలి. అందుకు కారుకు రెండు పక్కలా దారం బిగించి, దాని నుంచి చక్రాల అంచులు ఎంత దూరమున్నాయో కొలవాలి. సిరిసిల్లలో దారానికి కరువా? కరువల్లా టేపు రెండో కొస పట్టుకునే మనిషికే. ఆ కొసకు ఇటుక పెట్టుకున్నాను.

కొలిచేటప్పుడు సీట్లలో మనుషుల బరువు కూడా ఉండాలి. నా సీట్లో నూలు బస్తాలు పెట్టాను. మరి శీను? వాడి బరువు నా పర్సులోనే ఉంది! కాలేజీ రోజుల్లో జగిత్యాల బస్టాండులో బరువు మిషన్ ఎక్కితే వచ్చిన అట్టముక్క. ఒకవైపు అరవై కిలోలు, రెండోవైపు 'విదేశీయానం కలదు'. దాన్ని ఆరేళ్లుగా దాచుకున్నాను. అరవై కిలోల బియ్యం సంచులు పక్క సీట్లో పేర్చి, సీటు బెల్టు కూడా పెట్టాను. ఆలు లేదు, చూలు లేదు, పక్క సీట్లో శీనయ్య.

మా షెడ్డులో మగ్గం నడిపే లచ్చయ్య కాక వచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా, కారు మీద గూడ బట్ట నేస్తవా?"

"లేదు కాకా, చక్రాలు సక్కగ చేస్తున్న."

"సక్కగున్నయే పైన లోపలికి వంచినవు గదరా!"

"మలుపుల కాడ పట్టు దొరకాలంటె గట్లనే వంచాలె."

"మరి సీట్ల గా బియ్యం సంచులేంది?"

"అది శీను."

కాక సంచుల వంక చూశాడు, బెల్టు వంక చూశాడు, మెల్లగా మా ఇంట్లోకి పోయి, "పిలగాన్ని ఒక్కన్నే ఉంచకుండ్రి" అని చెప్పి వచ్చాడు.

ఆ ఆదివారం తెల్లారి కోరుట్లలో శీను కారెక్కాడు. కారు దిగిపోయింది. ఎడమ టైరు బాడీకి ఆనుకుని గర్రుమంది.

"ఎంతున్నవురా?"

"తొంబై నాలుగు. మెస్సు తిండిరా, ఏం జెయ్యాలె?"

"వీడియో కాల్‌ల కనవడలే!"

"మొకం ఒక్కటే గదరా కనవడేది."

"చెప్పాలె గద!"

"నువ్వడిగినవా? ఆరేండ్లల్ల ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. అట్టముక్క ఉంది కదా! స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా వాడు దిగి, నడిచి దాటి, మళ్లీ ఎక్కాడు. ఆరేళ్ల ముచ్చట్లు ఒక్కటీ పూర్తిగా సాగలేదు.

ట్రాక్ దగ్గర తనిఖీ చేసే ఆయన వంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"టైరు రాస్తున్నది. ఇద్దరు కూసుంటే పంపం. ఒక్కరే పోండ్రి."

"పోరా, నేను ఈడ్నుంచి చూస్త" అన్నాడు శీను.

పోయాను. పక్కన అరవై కిలోలూ లేవు, తొంభై నాలుగూ లేవు. ఇద్దరి బరువుకు సరిచేసిన కారు రెండో మలుపులో గిర్రున తిరిగి గడ్డిలో పడింది. కంచె అవతల వాడు రెండు చేతులూ ఊపుతూ పడిపడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నా దాకా వినబడలేదు. కలగన్న చోటుకే వచ్చి, ఒక్కణ్ణే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి పరువు దక్కింది.

తర్వాత వాడికి చుట్టాలు, పెళ్లిళ్లతోనే సరిపోయింది; మళ్లీ కనబడకుండానే విమానమెక్కాడు.

కాబట్టి లచ్చయ్య కాక సాక్షిగా, షెడ్డులో ఉన్న మగ్గాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మనిషిని అడగకుండా ఆ మనిషి కోసం స్పానర్ పట్టను. వాడికి సెలవున్న రోజల్లా ఫోన్ చేసి, "ఎంతున్నవురా?" అంటున్నాను. "తొంబై ఒకటి, తగ్గుతున్న" అంటాడు. పక్క సీట్లో అంత బరువుకు సంచులు పేర్చి, దారం కట్టి, మళ్లీ సరిచేస్తాను. ఒక్కణ్ణే తోలితే కారు కొంచెం కుడికి లాగుతోంది. లాగనీ.