నాగవల్లికి శాలువా

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మన వాళ్లయితే ఆ సోమలింగానికి ఫ్లెక్సీ కూడా కట్టేస్తారు. కంకిపాడు నాగవల్లి ఆ తొందరకే బలైంది.

ఆమె విజయవాడ దగ్గర ఒక యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధకురాలు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచనైన పొరను గాలి లేని పెట్టెలో పెట్టి, కదిలించి వదిలి, ఎంతసేపు ఊగుతుందో లేజర్ వేసి చూడటం ఆమె పని. శక్తి ఎంత తక్కువ పోతే అంత ఎక్కువసేపు ఊగుతుంది. అలాంటి పొరలతో అతి చిన్న బలాలను కూడా కొలవచ్చు. ఏళ్ల తరబడి పొరలు చిరుగుతూనే ఉన్నాయి, అమ్మ సీతారావమ్మ "ఇంకా ఎన్నాళ్లే?" అంటూనే ఉంది. ఈ వేసవిలో ఒక పొర ఎవరూ ఊహించనంతసేపు ఊగింది. గైడు అచ్యుతరామారావు గారు ఆనందం పట్టలేక ఒక విలేకరితో చెప్పేశారు. ఇంకేముంది, మర్నాడు పేపర్లో ఫొటో, సెంటర్లో ఫ్లెక్సీ, ఆదివారం కల్యాణమండపంలో సన్మానం!

శనివారం నాగవల్లి, మొదటే చేయాల్సిన పరీక్ష ఒకటి చేసింది. లేజర్ వెలుగు తగ్గించింది. పొర తొందరగా ఆగింది. ఇంకా తగ్గిస్తే ఇంకా తొందరగా ఆగింది. ఉయ్యాల లాంటి ఆ పొర తనంతట తాను ఊగలేదు. చూడటానికి వేసిన వెలుగే వెనకనుంచి తోసింది.

గైడు గారింటికి పరుగెత్తింది. నెలాఖరుకి రిటైరవుతున్న ఆ పెద్దాయన విని కుర్చీలో కూలబడ్డారు.

"రేపొక్కరోజు ఊరుకోమ్మా. సభ అయ్యాక నెమ్మదిగా చెబుదాం. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"తెలిసీ శాలువా ఎలా కప్పించుకోనండీ?"

ఆమెకు కోపం రాలేదు, ఆయన్ని చూసి జాలేసింది. కోపం వచ్చినా బాగుండేది.

ఆదివారం మండపం కిక్కిరిసింది. కొత్త చీర కట్టుకుని సీతారావమ్మ ముందు వరసలో కూర్చుంది. శాలువా కప్పబోతుంటే నాగవల్లి మైకు అందుకుంది.

"మా కొలత తప్పండీ. మేం వేసిన లేజరే ఆ పొరని ఊపింది. నేనేం సాధించలేదు. ఇది నాకొద్దండీ."

సభాధ్యక్షులవారు లేచారు. "చూశారా వినయం! నిండు కుండ తొణకదండీ!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆమె కాదని మొత్తుకున్నకొద్దీ అవి పెరిగాయి. శాలువా భుజాల మీద పడనే పడింది. సీతారావమ్మ ఆనందంతో ఏడుస్తోంది.

నాగవల్లి గైడు గారి వైపు తిరిగింది. అంత జనంలో ఆమె మాట అర్థమైంది ఆయన ఒక్కరికే. తల ఎత్తకుండా, ఆయన కూడా చప్పట్లు కొడుతున్నారు.